ముట్టని ఓళిగ

“నోరు తెరువమ్మే! ఏడో నెల కడుపుతో ఉండి ఓళిగ వద్దంటే ఎట్లా?”

చెన్నమ్మ చేతిలో నెయ్యి కారుతున్న బొబ్బట్టు. ఎదురుగా కుర్చీలో, మోచేతుల దాకా గాజులతో కూతురు త్రివేణి. శ్రీమంతానికి వచ్చిన ఆడవాళ్లంతా చూస్తుండగానే ఆ పిల్ల మొహం పక్కకు తిప్పేసింది.

“వద్దమ్మా. నాయనకు షుగర్ ఉండాది. రక్తంలోనే వస్తాదంట, నాకూ వస్తాది. నీకు ఎన్నిసార్లు చెప్పల్ల?”

“పదిహేడేండ్ల నుంచి ఇదే పాట! ఈ పొద్దన్నా ఆపు తల్లీ!”

పక్కగదిలో మగ్గం గట్టు మీద కూర్చున్న తండ్రి ఆదెన్నకు అంతా వినబడుతూనే ఉంది, కనబడుతూనే ఉంది. మొహం తిప్పుకుంది గానీ పిల్ల చూపు మాత్రం ఓళిగ మీదే ఉంది. దానికి ఓళిగంటే ఎంత ప్రాణమో ఆయనకు తెలియదూ!

అబ్బ, ఏం రోజులవి! ఆయన మగ్గం గుంతలో కాళ్లు దించుకుని పట్టుచీర నేస్తుంటే, ఈ పిల్ల ఇదే గట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేది. ఒక ఓళిగను ఇద్దరూ తుంచుకుని తినేవాళ్లు. పూర్ణం ఎక్కువున్న ముక్క కోసం పోట్లాడుకునేవాళ్లు కూడా. తీపి దగ్గర తండ్రికీ కూతురికీ సిగ్గూ శరమూ ఉండేవి కావు.

ఆ తర్వాతే ఆయన కాలి బొటనవేలికి పుండు పడింది. షుగరన్నారు. తీపి మానకపోతే కాలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. కాలు లేని మనిషి మగ్గం ఎలా తొక్కుతాడు? అయినా ఆదెన్న మానితే కదా! గుంతలో బెల్లం డబ్బా దాచుకుని మరీ తిన్నాడు. చెన్నమ్మ తిట్టింది, ఏడ్చింది, రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఊహూ.

ఆ ఉగాది నాడు పదేళ్ల త్రివేణి ఓళిగ పళ్లెం ముందు నుంచి లేచిపోయింది. “నాయన రోగం నాకూ వస్తాదని మా సారు చెప్పినాడు. నేనింక తీపి తినను,” అంది. పసిపిల్ల నోరు కట్టుకుంటే ఆయనకు డబ్బా మూత తీయడానికి చెయ్యి రాలేదు. దాన్ని పట్టుకెళ్లి చెన్నమ్మకు ఇచ్చేశాడు. మళ్లీ తీపి జోలికి పోలేదు.

కానీ ఆ రోగం ఆ పిల్లకు ఎక్కడి నుంచి వస్తుంది? ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయి, ఆదెన్న మగ్గం మొహం చూడని ఏడాదది. ధర్మవరం నుంచి అనంతపురం వెళ్లి, శిశుగృహ నుంచి ఐదు నెలల పిల్లను దత్తత తెచ్చుకున్నారు. అది ఒళ్లోకి వచ్చాకే ఆయన మళ్లీ గుంతలో కాలు పెట్టాడు. సంగతి పిల్లకు చెప్పొద్దని చుట్టాలందరి చేతా ఒట్టు వేయించాడు.

ఇప్పుడు చెబితే ‘నాయనా’ అన్న పిలుపు రేపటికి ఉంటుందో ఉండదో. చెప్పకపోతే, రాని రోగానికి భయపడి ఇది నోరు కట్టుకుంటూనే ఉంటుంది. పుట్టబోయే బిడ్డకూ ఇదే భయం పెడుతుంది.

ఆడవాళ్లు భోజనాలకు లేచారు. ఆయన ఓళిగ పళ్లెం తీసుకుని కూతురి దగ్గరికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

“నాయనా! నువ్వు ముట్టొద్దు!” త్రివేణి కంగారుగా లేవబోయింది.

“నాకు కాదులేమ్మా, నీకే. కూర్చో. ఒక మాట చెప్పల్ల.”

“ఏమైంది? తలుపు ఎందుకు వేసినావు?”

“నా మింద కోపం వచ్చినా సరే, విను పాపా.” తల దించుకున్నాడు. “నా రక్తం నీలో బొట్టు కూడా లేదు. నిన్ను మేము కనలేదు తల్లీ. శిశుగృహ నుంచి తెచ్చుకొని పెంచుకొన్నాము. నా షుగరు నీకు రాదు. తిను... కడుపారా తిను.”

అనేశాడు. తల ఎత్తే ధైర్యం చాల్లేదు. ఏడుపు వినబడుతుందేమోనని చెవులు రిక్కించాడు. వినబడలేదు. గాజులు మాత్రం గలగలమన్నాయి.

మెల్లగా తలెత్తాడు. త్రివేణి ఆయన కాళ్ల వైపు చూస్తోంది. పది వేళ్లూ ఉన్నాయి. కళ్లలో నీళ్లు, పెదవుల మీద నవ్వు. పళ్లెం లాక్కుని ఆయనకు అందనంత దూరంగా జరిపింది.

“ఆ సంగతి నాకు ఐదో తరగతిలోనే తెలుసు నాయనా. నేను మానకపోతే నువ్వు మానేస్తాంటివా?”