తేనెపట్టుకు ఎంత జ్ఞాపకం కావాలి?

మూడు రోజుల ముసురుకు తేనెపట్టులో తిండి నిండుకుంది. పిల్లపురుగులు ఆకలికి అల్లాడుతున్నాయి. వాన తెరిపివ్వగానే జుంటి అనే కుర్ర ఈగ బయల్దేరి, వాగు ఒడ్డున విరగబూసిన చింతచెట్టును చూసి వచ్చింది.

తేనెటీగలు దారి చెప్పుకునేది నడుం ఊపుతూ ఆడే ఆటతోనే. కానీ ఒక్క చెట్టుతో సరిపెట్టడం జుంటికి నామోషీ. "చరిత్ర మరిచిన జాతికి భవిష్యత్తు లేదు!" అని గర్జించి, ఎండాకాలపు మోదుగలతో, ఇప్పలతో మొదలుపెట్టి తానెరిగిన ప్రతి చెట్టు దారీ ఆడింది. ఈగలు తలో దిక్కూ పోయి, పూలు రాలిన కొమ్మలు చూసి వట్టి నోళ్లతో తిరిగొచ్చాయి.

"అయిపోయిన పెళ్ళిళ్ళకు పిలుస్తావేమే పిల్లా? ఇవాళ విందెక్కడో చెప్పు," అంది ముసలి ఈగ.

"అయితే మిగతావన్నీ మరిచిపొమ్మంటావా అవ్వా?" జుంటి మండిపడింది.

"మరవక్కర్లేదే. ఆడినంతసేపూ పక్కన పెట్టు, చాలు."

జుంటి కోపంగానే చింతచెట్టు దారి ఒక్కటే ఆడింది. ఆ కాస్త నడుం విదిలింపుకే పట్టు పట్టంతా లేచింది. వేల రెక్కల హోరుకు కొమ్మ వణికింది. ఈగలన్నీ ఒకే తాడులా వాగువైపు సాగిపోయాయి. ఆవగింజంత తన తలలోని ఒక్క దారి ఇంత ఆకాశాన్ని నింపేసిందా అని జుంటి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.