మళ్ళీ ఒక్కసారి వింటారా సార్

"మళ్ళీ ఒక్కసారి వింటారా సార్?"

టైపిస్టు ఆ మాట అనగానే స్కానింగ్ డాక్టరుకు ఒళ్ళు మండింది.

ఆయన స్కాన్ చూస్తూ రికార్డరులో గడగడా చెప్పుకుపోతాడు. ఆవిడ హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పక్కన పేషెంటు చీటీ పెట్టుకుని టైపు చేస్తుంది. పద్దెనిమిదేళ్లుగా ఇదే వరస.

రోజుకు ఒకటో రెండో రిపోర్టులు ఆవిడ దగ్గర ఆగిపోతాయి. అందుకే చాటుగా అందరూ ఆవిడను 'నత్త' అంటారు.

"ఇప్పుడేమైందమ్మా?"

"చీటీలో ఎడమ పక్క నొప్పి అని ఉంది సార్. నాకేమో కుడి కిడ్నీ అని వినబడింది."

డాక్టరు తెర వైపు చూశాడు. గడ్డ ఉన్నది ఎడమ కిడ్నీలోనే.

"ఎడమ అనే చెప్పుంటాను. వినే తీరిక నాకు లేదు. మీ చెవులే ఎవరికైనా చూపించుకోండి."

పక్కనున్నవాళ్లు కిసుక్కున నవ్వారు.

"నాదే పొరపాటు సార్. మారుస్తాను," అంది ఆవిడ.

ఆ మరుసటి నెలే కంప్యూటర్లోకి కొత్త ఫారం వచ్చింది. ఇక వాక్యాలతో పని లేదు. గడుల్లో టిక్కులు పెడితే చాలు, రిపోర్టు తయారు.

ఫారం మంచిదే. ఏ అవయవాన్నీ మరిచిపోనివ్వదు. ఆపరేషన్లు చేసే డాక్టర్లు కూడా మెచ్చుకున్నారు. అరగంట పని ఐదు నిమిషాలకు దిగింది.

టైపిస్టుకు పని లేకుండా పోయింది.

ఆవిడ హెడ్‌ఫోన్లు తుడిచి, సొరుగులో పెట్టి, గుమ్మం దగ్గర ఆగింది.

"ఇకమీదట ఎవరు చదువుతారు సార్?"

"చదవడానికేముందమ్మా? అన్నీ గడులేగా."

ఆవిడ గుమ్మం దాటి వెళ్లిపోయింది.

నాలుగో నెలలో ఒక బస్సు కండక్టరు వచ్చాడు. ఎడమ కిడ్నీలో గడ్డ. ఫారంలో ఏ పక్కో చెప్పే గడి ముందే 'కుడి' అని నింపి ఉంటుంది, మనమే మార్చాలి. ఆ రోజు బయట జనం కిటకిటలాడుతున్నారు. డాక్టరు మార్చడం మరిచి, తర్వాతి గడికి వెళ్లిపోయాడు.

ఆపరేషన్ డాక్టరు రిపోర్టును నమ్మాడు. బాగున్న కిడ్నీ తీసేశాడు.

కండక్టరు భార్య చంటిపిల్లను ఎత్తుకుని స్కానింగ్ గదికి వచ్చింది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఒక్కటే అడిగింది.

"ఎడమ పక్క నొప్పి అని చీటీలో రాసే ఉంది కదండీ. ఎవరూ చదవలేదా?"



విచారణ వేశారు. డాక్టరు తప్పంతా ఫారం మీదికి నెట్టాడు. వాక్యాలు చెప్పిన పద్దెనిమిదేళ్లలో ఒక్క తప్పుడు రిపోర్టూ బయటికి వెళ్లలేదని, తనకున్న మంచి పేరు గురించి ఎవరినడిగినా చెబుతారని వాదించాడు. రుజువు తెమ్మన్నారు.

పాత రికార్డింగులూ, పాత రిపోర్టులూ ముందేసుకుని కూర్చున్నాడు. సొరుగులోంచి ఆవిడ హెడ్‌ఫోన్లే తీసి పెట్టుకున్నాడు.

"కుడి కిడ్నీలో..." తన గొంతే. స్పష్టంగా ఉంది.

కాగితం మీద 'ఎడమ' అని ఉంది.

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. కుడి అనే అన్నాడు.

ఇంకొకటి పెట్టాడు. అందులో ఎడమ చెయ్యి కుడి చెయ్యి అయింది. మరొకదాంట్లో ఏకంగా పేషెంటే మారిపోయాడు. కాగితాల మీద మాత్రం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్క ఏడాదిలోనే పదకొండు దొరికాయి. ఆ పదకొండు సార్లూ ఆవిడ తన ముందు నిలబడి "నాదే పొరపాటు సార్" అన్నది గుర్తొచ్చి, డాక్టరు బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు.

మర్నాడు విచారణలో పెద్దాయన అడిగాడు.

"రుజువు దొరికిందా డాక్టరు గారూ?"

డాక్టరు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"దొరికిందండీ. ఆ పద్దెనిమిదేళ్ల పేరు నాది కాదు, మా టైపిస్టుది."