బ్యాండేజీ కట్టిన పైపు

పగిలిన పైపు ముక్కను తెచ్చి రామర్ కాళ్ళ ముందు పడేశాడు ఇంటి యజమాని వెంకటరామన్.

"ఇది మూడోతూరి. ఊళ్ళో నీళ్ళు వారానికొకతూరి వస్తాయి. ట్యాంకంతా గోడమీద కారిపోయింది. నువ్వు ప్లంబరా, నాకు పగోడివా?"

ఎండాకాలంలో పైపు పగలకుండా మనిషి చేయగలిగినవన్నీ చేశాడు రామర్. పాత పైపు పీకేసి మందం పైపు వేశాడు. తెల్లరంగు పూశాడు. అదీ చాలదని, సత్రపట్టిలో బ్యాండేజీలు నేసే మగ్గాలవాళ్ళు పనికిరాదని తీసేసిన గుడ్డ అడిగి తెచ్చి, డాబామీద ట్యాంకు నుంచి కింద వంటింటి దాకా చుట్టాడు. ఇంటికి కాలు విరిగిందా అని వీధిలో పోయేవాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వారు, పైపన్నా నిలిచిందా అంటే అదీ లేదు.

పెరట్లో గిన్నెలు తోముతున్న అముదా తల ఎత్తలేదు. ఆమె రామర్ భార్య. ఆ ఇంట్లో ఆరేళ్ళుగా పనిచేస్తోంది. తన మొగుడు పైపు వేస్తే ఇరవై ఏళ్ళు తిరిగి చూడక్కరలేదని పూచీపడి ఈ పని ఇప్పించింది ఆమే. ఇప్పుడు ఆ మాటే ఆమె మెడకు చుట్టుకుంది.

అప్పటికే ఆ వీధిలో రెండిళ్ళవాళ్ళు రామర్‌ను వద్దని పక్కూరు చోళపురం ప్లంబరును పిలిపించుకున్నారు. చేతిపని తప్ప వేరే ఆస్తి లేనివాడికి పేరు పోతే ఇంకేం మిగులుతుంది? రామర్ వెంకటరామన్ వెనకే వీధి వాకిలి దాకా వెళ్ళి, అముదాకు వినబడకుండా గొంతు తగ్గించి అన్నాడు.

"అయ్యా, ఎండకు పగిలే పైపు మిట్టమధ్యాన్నం కారాల. ఇది మూడుతూర్లూ ఎండ తగ్గినాక, నాలుగింటికే కారింది. ఎవరో చెయ్యి పెడతా ఉండారు."

వెంకటరామన్ అతన్ని ఎగాదిగా చూశాడు.

"సరి. రేపు మాడిమీద, ట్యాంకు దగ్గర కావలి ఉండు. చెయ్యి పెట్టినోళ్ళు దొరికితే, వాళ్ళెవరైనా సరే, మళ్ళీ నా గడప తొక్కరు. దొరక్కపోతే నువ్వు ఈ వీధిలో స్పానర్ పట్టకూడదు."

రామర్ ఒప్పుకున్నాడు. ఆడవాళ్ళ నోట నువ్వుగింజ నానదంటారు కదా, రాత్రి అముదాకు కూడా ఈ సంగతి చెప్పలేదు. నిజానికి నువ్వుగింజ ఎవరి నోట నానుతోందో అతనికి తెలియదు, పాపం.

మర్నాడు పన్నెండు గంటలకు ట్యాంకు వెనక బెత్తెడు నీడలో నక్కి కూర్చున్నాడు. డాబా నేల పెనంలా కాలుతోంది. అతని అనుమానమంతా చోళపురం ప్లంబరు మీదే. తన పేరు చెడగొట్టడానికి ఎవరినో పురమాయించి ఉంటాడు. వచ్చినవాణ్ణి జుట్టు పట్టుకుని కిందికి ఈడ్చుకెళ్ళాలని స్పానర్ బిగించి పట్టుకున్నాడు.

ఒంటిగంటకు మెట్లమీద అడుగుల చప్పుడైంది. చెప్పుల్లేని కాళ్ళు, ఆ నేలకు ఓర్వలేక గబగబా పడుతున్నాయి. రామర్ తొంగి చూశాడు.

అముదా.

బకెట్లో నీళ్ళు తెచ్చింది. పైపుకు చుట్టిన బ్యాండేజీ గుడ్డను బారెడు బారెడు తడిపింది. తర్వాత ట్యాంకు దగ్గరికి వచ్చి, పైపు మొదట్లో ఉన్న గేటు వాల్వును రెండు చేతులా తిప్పి, బిర్రుగా మూసేసింది.

"ఏం చేస్తా ఉండావు అముదా?"

ఉలిక్కిపడింది. మొగుణ్ణి చూసి నవ్వింది.

"నువ్వా మామా. దినాం చేసేదే కదా. ఎండపొద్దులో ట్యాంకు నీళ్ళ బరువు పైపుమీద పడకూడదని మూస్తాను. ఇంటికి పోయేటప్పుడు నాలుగింటికి తెరుస్తాను. నువ్వు కొత్త పైపు వేసినప్పటి నుంచి ఒక్క దినం తప్పలేదు. నీ పేరు పోకూడదు కదా."

రామర్ మూసిన వాల్వు నుంచి కింది దాకా పైపు వెంట చూపు పోనిచ్చాడు. పైన వాల్వు మూత. కింద కొళాయిలు మూత. నడుమ చిక్కిన నీళ్ళు ఎండకు కాగి ఉబ్బితే ఎటు పోతాయి? వాల్వు తెరిచి ఉంటే ట్యాంకులోకి ఎగదన్నేవి. దారి లేక మధ్యాహ్నమే పైపును చీల్చేస్తున్నాయి. నాలుగింటికి ఈమె వాల్వు తెరవగానే ట్యాంకు నీళ్ళన్నీ ఆ చీలికలోంచి గోడమీదికి కారుతున్నాయి.

తిట్టడానికి నోరు తెరిచాడు. ఆమె ఒక కాలిమీద నిలబడి రెండో కాలికి నీళ్ళు పోసుకుంటోంది. అరికాలు ఎర్రగా బొబ్బలెక్కి ఉంది. రోజూ ఈ నేలమీదే నడిచిందన్నమాట.

లేచి వాల్వు పూర్తిగా తెరిచాడు.

"ఇంకెప్పుడూ దీన్ని ముట్టుకోవద్దు" అన్నాడు.

ఎందుకని ఆమె అడిగేలోపే మెట్ల కింది నుంచి వెంకటరామన్ కేక వినబడింది.

"ఏమప్పా, ఎవరైనా దొరికినారా?"

రామర్ ఒకసారి అముదా వైపు చూశాడు. పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కిందికి వంగాడు.

"ఎవరూ లేరయ్యా. నా పనిలోనే తప్పు. ఇంక ఈ వీధిలో స్పానర్ పట్టను."

కింద తలుపు దభీమని మూసుకుంది. అముదా అతని వైపే చూస్తోంది. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

"ఇన్ని దినాలు కాళ్ళు కాల్చుకుని నేను నీ పేరు కాపాడితే, ఒక్క మాటతో నువ్వే పోగొట్టినావే మామా."