చెప్పకూడని నంబరు

"ఏమ్మే! మా పిల్లను తీసకపోయి హాస్టల్లో పడేస్తివి కదా! ఆడ అన్నం తింటాందో లేదో అడిగే దిక్కుండాదా?"

వరండాలో నిలబడి అరుస్తున్న ముసలామెను పట్టించుకోనట్టు నటించింది కీర్తన. నటనే. ప్రతి మాటా చెవిన పడుతూనే ఉంది.

పుంగనూరు దగ్గర ఒక పల్లెలో, పదో తరగతి చదివే శాలిని పెళ్లిని ముహూర్తానికి గంట ముందు ఆపించింది కీర్తనే. బాలల రక్షణ విభాగంలో కాంట్రాక్టు సోషల్ వర్కర్ ఆమె. జరిగి పదిహేను రోజులైంది.

పిల్ల తండ్రి జయచంద్ర ఊరుకునే రకం కాదు. టమేటా తోటల ఆసామి, ఊళ్లో మాట చెల్లే మనిషి. "కక్షగట్టి మా పరువు తీసింది" అని కీర్తన మీద అర్జీ పెట్టాడు. ఆ విచారణే ఈ రోజు మదనపల్లెలో.

అరుస్తున్నది అతని తల్లి సరోజమ్మ. పెళ్లి రోజు కంటికే కనబడని మనిషి, ఈ రోజు ఆఫీసంతా అదిరేలా నోరు చేసుకుంటోంది.

"పిల్ల బాగుండాదని ఒక మాట చెప్పమ్మా, పోయేదేముంది?" అన్నాడు పక్కనున్న హరినాథ్.

"తిట్టేవాళ్లకు జవాబేందన్నా?" అని కీర్తన మొహం తిప్పుకుంది.

హరినాథ్ సామాజిక కార్యకర్తల సంఘం కార్యదర్శి. కుప్పం నుంచి మొదటి బస్సుకే వచ్చాడు. విచారణకు పిలిచిన సభ్యుల పక్కన సంఘం మనిషి ఒకరు కూర్చోవచ్చు. ఏళ్లతరబడి అర్జీలు పెట్టి సంఘం సాధించుకున్నది ఆ ఒక్క కుర్చీనే.

"లోపల ఒకటే అడుగుతారు. నీకు ఫోన్ చేసి చెప్పిందెవరని. సచ్చినా చెప్పొద్దు."

"చెప్పకపోతే నా ఉద్యోగం పోతాదన్నా."

"పోతే మేం కొట్లాడతాం. కలెక్టరు దాకా పోతాం, కోర్టుకన్నా పోతాం. ఉద్యోగం మళ్లీ తెస్తాం. ఆ మనిషి ఎవరో బయటపడితే మాత్రం మా చేతిలో ఏమీ ఉండదమ్మా."

కీర్తన తలూపింది గానీ నమ్మకం కలగలేదు. సంఘం ఆఫీసు ఆమె చూసిందే. కుప్పంలో స్వీట్ల అంగడి మీద ఒక గది, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఆ నాలుగు కుర్చీలు తన ఉద్యోగాన్ని నిలబెడతాయా?

నిజానికి ఫోన్ చేసిందెవరో ఆమెకూ తెలియదు. పెళ్లి రోజు పొద్దున వచ్చిన ఆ ఫోన్ పట్టుమని పది మాటలు కూడా లేదు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్న గొంతు, ఊరి పేరు చెప్పింది. "పిల్లకు ఇంకా పదైదేండ్లేనమ్మా, బిరీన రాండి." అంతే, పెట్టేశారు.

లోపల విచారణాధికారి గడియారం చూసుకుంటూ మొదలుపెట్టాడు. బల్లకు ఒకవైపు కీర్తన, హరినాథ్. ఎదురుగా జయచంద్ర, సరోజమ్మ.

"నీకు సమాచారం ఇచ్చిందెవరు?"

"చెప్పకూడదు సార్. మా పనిలో అది నియమం."

"అసలు ఎవరూ చెప్పలేదు, కక్షతో నువ్వే వెళ్లావంటున్నాడు ఇతను. ఫోన్ వచ్చిందని రుజువు చూపించు. లేకపోతే కాంట్రాక్టు రద్దుకు ఇప్పుడే రాస్తాను."

"వారం గడువియ్యండి సార్" అన్నాడు హరినాథ్. "వివరాలు సీలు వేసిన కవర్లో మీ పైఅధికారికి ఇస్తాం. వీళ్ల ఎదురుగా మాత్రం అడగొద్దండి."

"పన్నెండుకు నాకు ఇంకో మీటింగు ఉంది. ఆలోపే ఇది తేలిపోవాలి."

జయచంద్ర బల్ల మీదికి వంగాడు. "ఎవరో ఒకసారి తెలిస్తే సాలు సార్. మిగతాది నేను సూసుకుంటా."

హరినాథ్ కీర్తన వైపు చూశాడు.

"పోనీలేప్పా" అంది సరోజమ్మ ఉన్నట్టుండి. "అయ్యిందేదో అయిపాయె. నాకు కండ్లు తిరుగుతాండాయి. ఇంటికి పోదాం పద."

"నువ్వు ఊరకుండుమా!" కసిరాడు కొడుకు.

కీర్తనకు ఒళ్లు మండింది. బయట అంత గొంతు చించుకుని, లోపలికి రాగానే కళ్లు తిరుగుతున్నాయట!

అధికారి కాగితం దగ్గరికి లాక్కున్నాడు. పెన్ను మూత తీశాడు.

ఇద్దరు పిల్లల చదువు, అత్తమ్మ మందులు, ఇంటి బాడుగ. అన్నీ ఆ జీతం మీదే. పెన్ను కాగితం మీద ఆనడం చూసేసరికి కీర్తన చెయ్యి సంచిలోకి పోయింది.

హరినాథ్ తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆమె అటు చూడలేదు.

"ఫోన్ వచ్చింది సార్. ఇదో, ఈ నంబరే. పేరు నాకూ తెలీదు."

సెల్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. పేరు చెప్పలేదు కదా, నంబరే కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఇన్నేళ్ల పనిలో ఎందరి రహస్యాలో కడుపులో దాచుకున్న మనిషి, ఆ ఒక్క నిమిషం తన కడుపే చూసుకుంది.

"మంచిది. ఎవరో ఇప్పుడే అడిగేద్దాం" అని అధికారి ఆ ఫోన్ అందుకున్నాడు.

హరినాథ్ దిగ్గున లేచాడు. "వద్దు సార్! ఆ నంబరు కొట్టొద్దండి! కావాలంటే మా సంఘం మీద రాసుకోండి, నా మీద కేసు పెట్టండి. దండం పెడతా సార్, కొట్టొద్దు!"

అధికారి వేలు అప్పటికే నొక్కేసింది.

జయచంద్ర ఆ ఫోన్ వైపే చూస్తున్నాడు.

సరోజమ్మ బల్ల పట్టుకుని లేచింది. ఎవరి మొహమూ చూడకుండా తలుపు వైపు రెండడుగులు వేసింది.

మూడో అడుగు పడకముందే, ఆమె రొండిన దోపుకున్న చిన్న ఫోన్ గదంతా వినబడేలా మోగింది.