ముప్పై సెకన్లు

ముప్పై సెకన్లు కూడా ఎక్కువే, పదికి దించమన్నాడు మేనేజరు నరసింగరావు హైదరాబాదు నుంచి. "పలకనివాడు పోయినట్టే లెక్క కామేష్. వాడి పని ఇంకోడికిచ్చెయ్. తొమ్మిదికల్లా సరవ్వకపోతే ఈ పని నీ చేతిలో ఉండదు," అని ఏడింటికే ఫోన్ పెట్టేశాడు.

గొడవ ఆస్పత్రుల రక్తపరీక్షల రిపోర్టులది. విజయనగరంలో ఇంట్లో కూర్చుని కామేష్ రాసిన ప్రోగ్రాము, క్యూలో ఉన్న రిపోర్టుల్ని విడతకి ఐదువందల చొప్పున ఎత్తుకుని రోగుల ఫోన్లకి పంపుతుంది. ముప్పై సెకన్లలో 'అయింది' అని అది క్యూకి పలకాలి, కానీ అంత పని తెమలదు. అది పోయిందనుకుని క్యూ అదే మోపు ఇంకో ప్రోగ్రాము నెత్తిన పెడుతుంది. అదీ మళ్ళీ మొదట్నించి పంపుతుంది, దానిదీ అదే గతి. గరివిడిలో ఒకావిడకి ఒకే షుగరు రిపోర్టు పదకొండుసార్లు వెళ్ళింది. ఆవిడ వెనకవాళ్ళకి అసలు వెళ్ళలేదు. వాళ్ళలో ఆపరేషను బల్ల ఎక్కాల్సినవాళ్ళూ ఉన్నారు.

పక్కగదిలో తండ్రి భావనారాయణ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరికో ఫోన్లో సంగీతం చెబుతున్నాడు. ఒక వరస పాడతాడు, ఆగుతాడు. ఆగితే రెండేసి నిమిషాలు. కామేష్‌కి చిర్రెత్తుకొచ్చింది.

"ఏటి నాన్నా, అవతల మనిషున్నాడా, లేచిపోయాడా?"

భావనారాయణ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉన్నాడ్రా, ఊపిరి వినబడతంది. ఇద్దరు గురువులు పొమ్మన్నార్ట పాపం. ఒక్కపాలే పది వరసలు నెత్తినేసి, పలకలేదంటే ఎలాగ? ఒక్కటిచ్చి ఆగాల."

కామేష్ మళ్ళీ కంప్యూటరు ముందుకి పరిగెత్తాడు. ఐదువందల్ని ఇరవై చేశాడు. ముప్పై సెకన్లని ఐదు నిమిషాలకి పెంచాడు. ఎనిమిదింటికల్లా క్యూ ఖాళీ అయింది. ఒక్క రిపోర్టు కూడా రెండోసారి వెళ్ళలేదు.

మీ మాట కాదని టైము పెంచానని దాచకుండా నరసింగరావుకి మెసేజి పెట్టాడు. ముప్పై సెకన్లు గడిచాయి. పావుగంట గడిచింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పని పోతే పోయింది, రిపోర్టులు చేరాయి కదా అనుకున్నాడు. అదంతా నాన్న చలవే.

లోపలికెళ్ళి తండ్రి కాళ్ళకి దండం పెట్టాడు. పరీక్షల పొద్దున తప్ప ఎన్నడూ పెట్టి ఎరగడు. ఏమైందో తెలీక భావనారాయణ కంగారుగా కొడుకుని లేపబోయాడు. ఆ ఊపుకి ఇయర్‌ఫోన్ల తీగ ఫోన్లోంచి ఊడొచ్చి, అవతలి గొంతు గదంతా వినబడింది.

"మీ మేలు మర్చిపోలేను గురువుగారూ," అంటున్నాడు నరసింగరావు, "ఇంకొక్క రెండు నిమిషాలు టైమివ్వండి."