జనగామ దాటిన ఇటాలియన్

“పరీక్షనా? పొద్దటి సంది నువ్వు పదకొండోదానివి!” రుక్మిణమ్మ బండికి అడ్డంగా నిలబడింది. “నీ ముందటామెకు యాభై ఏండ్లుంటయ్. ఆమెకూ పరీక్షనేనట!”

జనగామలో హైవే మీద బతుకమ్మలు పేర్చి, తెలంగాణ ఇచ్చేదాకా కదలమని ఆడవాళ్ళు బైఠాయించారు. దవాఖానకు పోయేవాళ్ళనూ, పరీక్షకు పోయేవాళ్ళనూ మాత్రం వదులుతున్నారు. అందుకే ఆ రోజు దారిన పోయేవాళ్ళందరికీ రోగాలూ పరీక్షలూ వచ్చిపడ్డాయి.

రేగొండ నుంచి అన్న వెంకటేష్ బైకు మీద వస్తున్న నిఖిత భయంతో గబుక్కున దిగింది. రెండింటికి హైదరాబాదులో నోటి పరీక్ష. తప్పితే సీటు గల్లంతే.

“నిజంగనే పరీక్ష, అవ్వా. ఇటాలియన్ బాస.”

“గదేం బాసనే? ఏదీ, జర మాట్లాడు. అబద్ధమైతే గీ ఎండల మాతోనే కూసుంటవ్.”

నిఖిత ఇంట్లో చదువుకునే అలవాటు కొద్దీ, ముక్కకొక చప్పట కొడుతూ మాటను విరిచింది.

“పార్-లో. అంటే మాట్లాడుత. పార్-ల్యా-మో, మాట్లాడుతం. పార్-లా-తే, మీరు మాట్లాడుతరు. మొదలు గదే అవ్వా. తోక మారితే మనిషి మారుతడు.”

“ఓసినీ, మన లెక్కనే ఉన్నదే! పోయిన, పోయినం, పోయిండ్రు!” పక్కనున్న ముసలి సత్తెమ్మ మురిసిపోయింది.

చప్పట వినపడ్డాక బతుకమ్మ ఆడే చేతులు ఊరుకుంటాయా? నిఖితను వలయంలోకి లాగేశారు. వంగారు, లేచారు, తిరిగారు. పార్-ల్యా-మో! పార్-లా-తే! జనగామ చౌరస్తా ఇటాలియన్‌తో దద్దరిల్లిపోయింది. నిఖిత భయం మరచిపోయి పకపకా నవ్వుతోంది. వెంకటేష్ గడియారం చూపిస్తూ గంతులేస్తున్నాడు గానీ, అతన్ని పట్టించుకునే నాథుడు లేడు.

చివరికి రుక్మిణమ్మే రొప్పుతూ చెయ్యెత్తింది. “ఇడువుండ్రే పిల్లను! గింత మంచి సదువు సదివేది అబద్ధమాడదు.”

బైకు గాలిలో తేలినట్టు పోయింది. రెండింటికి ఇంకా ఐదు నిమిషాలున్నాయనగా నిఖిత పరీక్ష గదిలోకి ఉరికింది. గది ఖాళీ! అటెండర్ పౌలు ఒక్కడే, చేతిలో ఫోను పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నాడు.

“పరీక్ష వాయిదా పడ్డది బిడ్డా. పరీక్ష పెట్టే రఘునాథ్ సారు పండుగకు హన్మకొండ పోయి వస్తుంటే, జనగామల ఆపిండ్రట.”

“ఇటాలియన్ సారునని చెప్పకపోయిండా?”

“చెప్పిండట. బరాబర్ మాట్లాడిండట గూడ. గని ‘ఇటాలియన్ నిజంగ వచ్చినోడు గిట్ల కట్టెలెక్క నిలబడి చెప్పడు, చప్పట్లు కొట్టుకుంట తిరుగుతడు’ అని రుక్మిణమ్మనే అవ్వ సారును ఫెయిల్ చేసిందట!”