తెల్లగా వచ్చిన కళ్ళు

ఓబిలేసు కళ్ళు పసుపు పూసినట్టు పచ్చబడ్డాయి. ఫోటోలో జబ్బు కనబడితేనే డాక్టరు ఆసుపత్రికి రమ్మంటాడు. అందుకని మారెక్క భర్తను ఎండలో కూర్చోబెట్టి, రెప్పలు విడదీసి మళ్ళీ ఫోటో తీసింది. కళ్ళు మళ్ళీ మల్లెల్లా తెల్లగానే వచ్చాయి. ఫోన్లన్నిటిలో ఉచితంగా వచ్చి చేరిన, ఫోటోలు దిద్దే సాఫ్టువేరు ఎవరూ అడగకుండానే మనుషుల్ని బాగుచేసేస్తోంది. దాన్ని తీసేసే దారి ఊళ్ళో ఎవరికీ తెలియదు.

“నిక్షేపంగా ఉన్నాడు కదమ్మా,” అన్నాడు డాక్టరు ఫోనులో.

“ఫోటోలో ఉండాడు సారూ. ఇంట్లో మనిషి కూడు ముట్టి ఎన్ని దినాలాయనో.”

“నాకు కనబడేది ఫోటోనే కదమ్మా,” అని ఆయన పెట్టేశాడు.

ఓబిలేసు ఫోను అందుకుని, అందులోని నిండు బుగ్గల్ని వేలితో తడిమాడు.

“పెండ్లినాటి కంటే బాగుండా గద మేయ్. ఊరికే పండబెడితివి నన్ను.”

మారెక్క గూట్లోని అద్దం తెచ్చి అతని మొహం ముందు పట్టింది. అతను అద్దంలోకీ ఫోనులోకీ మార్చిమార్చి చూశాడు.

“ఈ అద్దం పాతదైపాయ. సంతలో కొత్తది తెద్దాంలే,” అంటూ గోడ పట్టుకుని లేచాడు. కంబళి భుజాన వేసుకుని, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ గొర్రెల వెంట నడిచాడు.